డెంగీ కబురు మేస్త్రీల గ్రూపులకి పంపండి

సంపాదకులు గారికి నమస్కారం,

సోషల్ మీడియా వల్ల జనం చెడిపోతున్నారని మొన్న మీ పేపర్లో ఒకాయన రాశారు. కాదని నేనూ అనను. 2012 ఆగస్టులో ఇదే బెంగళూరులో ఉత్తుత్తి మెసేజ్‌లకి భయపడి ఈశాన్య రాష్ట్రాల వాళ్ళు వేలమంది రైళ్ళెక్కి వెళ్ళిపోయారు, 2018 మేలో చామరాజపేటలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాడనే వాట్సాప్ పుకారు నమ్మి బతుకుతెరువుకొచ్చిన రాజస్థాన్ కుర్రాణ్ణి కొట్టి చంపేశారు, అలాంటివి దేశమంతా జరిగాకే కదా ఆ జూలైలో వాట్సాప్ ఫార్వర్డ్‌కి అయిదు చాట్‌ల లిమిట్ పెట్టింది. అయితే పుకారు అంత స్పీడుగా పోయే దారిలో అసలు కబురు ఎందుకు పోవట్లేదు అన్నదే నా బాధ.

మా మారతహళ్ళి వైపు సందుల్లో కర్నూలు, అనంతపురం నుంచి బిల్డింగ్ పనులకొచ్చినవాళ్ళు రేకుల షెడ్లలో ఉంటారు. నీళ్ళు రోజూ రావు కాబట్టి ప్రతి షెడ్డు ముందూ నీలం డ్రమ్ము, మూత ఉండదు, ఓ ప్లైవుడ్ ముక్క సగానికి అడ్డం పెట్టుంటుంది. డెంగీ దోమ మురిక్కాలవలో కాదు, ఇలా నిలవ ఉన్న మంచినీళ్ళలో గుడ్లు పెడుతుంది, కుట్టేది కూడా పగలే. గుడ్డు దోమ అవ్వడానికి వారం పది రోజులు పడుతుంది, వారానికోసారి డ్రమ్ము ఖాళీ చేసి లోపల గోడలు బాగా రుద్ది కడిగితే సగం పీడ పోతుంది. ఈ ముక్క వాళ్ళకి చెప్పేదెవరు?

2024 సెప్టెంబర్లో కర్ణాటక ప్రభుత్వం డెంగీని అంటువ్యాధిగా ప్రకటించి, దోమలు పెరగనిస్తే ఫైన్ అని కూడా అంది. ఆ కబురు లెటర్‌హెడ్ ఫోటోగా మా అపార్ట్‌మెంట్ గ్రూపులోకొచ్చింది. షెడ్లకి మాత్రం బొప్పాయాకు రసం తాగితే రాత్రికి రాత్రే ప్లేట్‌లెట్స్ లక్ష దాటుతాయని వాయిస్ మెసేజ్ వచ్చింది, అచ్చ తెలుగులో, మన పిన్నో అత్తో చెప్పినట్టు. దాన్నే వింటారు మరి. మా ఇంట్లో పనిచేసే అక్క వాళ్ళాయనకి జ్వరమొస్తే ఒళ్ళునొప్పులకని మెడికల్ షాపులో ఐబుప్రోఫెన్ తెచ్చి రెండ్రోజులు వేసింది. డెంగీ అనుమానం ఉంటే అదీ ఆస్పిరినూ వేసుకోకూడదు, రక్తస్రావం ముప్పు, పారాసెటమాలే వాడాలని డాక్టర్లు నెత్తీనోరూ కొట్టుకుంటున్నా ఆ షాపతను అడగనే లేదు.

అందుకే వార్డు హెల్త్ సిబ్బంది ఓ నిమిషం వాయిస్ మెసేజ్ కన్నడ, తెలుగు, తమిళం, హిందీల్లో చేసి మేస్త్రీలకి పంపితే చాలు, ప్రతి మేస్త్రీకీ కూలీల గ్రూపు ఉంటుంది, పొద్దున ఎవరు ఏ సైటుకి పోవాలో అందులోనే చెప్తాడు. మెసేజ్ మొదట్లోనే తేదీ, ఏరియా, ఫోన్ నంబరు చెప్పాలి, తేదీ లేకపోతే నిరుటి మెసేజే మళ్ళీ తిరుగుతుంది. ఒకే లైన్లో నలుగురికి జ్వరమొస్తే అదే నంబరుకి చెప్పుకునే వీలుండాలి, ఎత్తే మనిషి కూడా ఉండాలి లెండి. జబ్బు పడ్డవాళ్ళ పేరు, ఫోటో మాత్రం ఎవరూ గ్రూపులో పెట్టకూడదు, కోవిడ్ టైంలో ఓనర్లు ఇళ్ళు ఖాళీ చేయమనడం చూశాం కదా.

మీరు కూడా వానల నెలల్లో బెంగళూరు పేజీలో ఓ మూల ఆ మెసేజ్ క్యూఆర్ కోడ్ వేయండి, టీ కొట్టు దగ్గర పేపర్ చూసే మేస్త్రీలు అక్కడే స్కాన్ చేసుకుంటారు.

— ఒక పాఠకురాలు, మారతహళ్ళి, బెంగళూరు