ఓలాండ్ నుంచి మనం అడగాల్సింది భూమి నియమం కాదు

అయ్యా,

ఒడిశా సరిహద్దు జిల్లాల్లో తెలుగు చదువుల మాట వచ్చినప్పుడల్లా ఫిన్లాండ్‌లోని ఓలాండ్ దీవుల పేరు ఎత్తుతున్నారు. 30 వేల చిల్లర జనాభా, స్వీడిష్ ఒక్కటే అధికార భాష, సొంత జెండా, సొంత తపాలా బిళ్లలు. కానీ అక్కడ భాషను కాపాడుతున్నది జెండా కాదు, చట్టంలోని ఏర్పాట్లు.

వాటిలో మొదటిది స్థానిక పౌరహక్కు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే, దీవుల్లో పుట్టి పెరిగే బిడ్డకు వస్తుంది. బయటి నుంచి వచ్చినవారికి ఫిన్లాండ్ పౌరసత్వం ఉండాలి, 5 ఏళ్లు అక్కడే కాపురం ఉండాలి, స్వీడిష్ తగినంత రావాలి. ఈ హక్కు లేనివారికి లాగ్‌టింగ్ అనే శాసనసభకు ఓటు లేదు, అనుమతి లేకుండా భూమి కొనే వీలూ లేదు. 5 ఏళ్లకు మించి బయట ఉంటే హక్కు పోతుంది.

రెండోది ఉమ్మడి సంఘం. 30 మంది సభ్యుల లాగ్‌టింగ్ చేసిన చట్టాన్ని ముందుగా ఈ సంఘం పరిశీలిస్తుంది. ఇద్దరిని ఫిన్లాండ్ ప్రభుత్వం వేస్తుంది, ఇద్దరిని లాగ్‌టింగ్ ఎన్నుకుంటుంది. అధ్యక్షత మామూలుగా గవర్నరుది. ఆ గవర్నరును వేసేముందు కూడా లాగ్‌టింగ్ స్పీకరు ఒప్పుకోవాలి. దేశాధ్యక్షుడు చట్టాన్ని కొట్టేయాలంటే గడువు 4 నెలలు, కారణాలు రెండే: అధికార పరిధి దాటడం, దేశ భద్రత. అదీ సుప్రీంకోర్టు అభిప్రాయం తీసుకున్నాకే.

అంతా సాఫీగా నడుస్తుందనీ కాదు. నోటి పొగాకు అమ్మకాన్ని ఓలాండ్ సకాలంలో నిషేధించనందుకు 2006లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ముందు దోషిగా నిలబడింది ఫిన్లాండే.

ఇక మన సంగతి. గజపతి జిల్లాలో ఓలాండ్ మాదిరి భూమి నియమం కోరడం తప్పని మా గట్టి నమ్మకం. అలాంటి రక్షణ ఇక్కడ ఉన్నది సవరలకు. గుమ్మ, రాయగడ బ్లాకులు, ఆర్.ఉదయగిరి తహసీలు షెడ్యూల్డు ప్రాంతం. అక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1956 నాటి 2వ రెగ్యులేషన్ అడ్డుకుంటుంది. ఆ లెక్కన ఇక్కడ బయటివాళ్లం తెలుగువాళ్లమే.

మనకు కావలసింది ఆ ఉమ్మడి సంఘం. రాజ్యాంగం 350ఎ అధికరణం ప్రాథమిక స్థాయిలో మాతృభాషా బోధనకు రాష్ట్రాలు ‘ప్రయత్నించాలి’ అంటుంది. 350బి కింద ఉన్న ప్రత్యేకాధికారి రాష్ట్రపతికి నివేదిక ఇస్తారు, అంతే, దేన్నీ ఆపలేరు. ఈలోగా ఒక తెలుగు టీచరు రిటైరై పోస్టు ఖాళీగా ఉంటే పిల్లలు ఒడియా సెక్షనుకు మారతారు. పిల్లలు లేరన్న కారణంతోనే మరుసటేడు తెలుగు సెక్షను ఎత్తేయొచ్చు. కాబట్టి జిల్లాస్థాయిలో సగం అధికారులు, సగం ఆ భాష మాట్లాడేవారు ఎన్నుకున్న సభ్యులతో కమిటీ వెయ్యాలి. దాని అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోకుండా సెక్షను మూయకూడదు. ఖాళీ పోస్టు నింపడానికీ ఓలాండ్ చట్టాలకున్నట్టే 4 నెలల గడువు పెట్టాలి.

– తెలుగు పాఠకులు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా