బట్టతల కాదు, తెల్లతల

సంపాదకుడు గారికి,

బాల్డ్ ఈగిల్‌ను అమెరికా జాతీయ పక్షిగా గుర్తించే చట్టంపై 2024 డిసెంబర్ 23న అప్పటి అధ్యక్షుడు బైడెన్ సంతకం పెట్టారని మీరు వేసిన వార్త చదివాను. సంక్రాంతి పనుల్లో పడి ఇన్నాళ్లూ ఊరుకున్నాను గానీ, 'బట్టతల గద్దకు జాతీయ హోదా' అన్న ఆ శీర్షిక కంట్లో నలుసులా ఉండిపోయింది.

అయ్యా, దానికి బట్టతల లేదు. తల నిండా మల్లెపువ్వులాంటి ఈకలు. అవీ అయిదో ఏడు వచ్చాకే, అంతవరకు మట్టిరంగే. పాతకాలపు ఇంగ్లిష్‌లో 'బాల్డ్' అన్న మాటకు తెల్లమచ్చ ఉన్నదని అర్థం. నిఘంటువు తీసే ఓపిక లేకపోతే, పక్కన మీరే వేసిన ఫొటో చూసినా సరిపోయేది. ఒకప్పుడు మీ పత్రిక చదివి పిల్లలకు డిక్టేషన్ చెప్పేవాణ్ణి.

1782లోనే రాజముద్ర మీదికెక్కిన పక్షికి జాతీయ పక్షి అని చట్టంలో రాయడానికి 242 ఏళ్లు పట్టింది. ఫైళ్లు నడవనిది మన ఆఫీసుల్లోనే అనుకుంటాం!

మూడేళ్ల కిందట నవంబర్‌లో మా అబ్బాయి మేరీలాండ్‌లో కోనోవింగో డ్యామ్‌కు తీసుకెళ్లాడు. నీళ్లు వదిలితే దెబ్బతిన్న చేపలు పైకి తేలతాయి, వాటికోసం గద్దలు చేరతాయి. ఒడ్డున ఫిరంగుల్లాంటి కెమెరాలు. ఒక గద్ద కాళ్లు మాత్రం ముంచి చేపను ఎత్తుకుపోతుంటే, దాన్ని లాక్కోవడానికి ఇంకోటి వెంటపడింది. దీని నడవడిక మంచిది కాదని 1784లో అమెరికా దేశ నిర్మాతల్లో ఒకడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన కూతురికి రాసిన ఉత్తరంలో ఎందుకు తిట్టాడో అప్పుడు తెలిసింది. అరుపు మటుకు కీచుగొంతు. సినిమాల్లో వినిపించే కేక వేరే డేగది. మా మనవరాలు కింద పడున్న ఈక తీస్తే కోడలికి ఒకటే టెన్షన్, "పారెయ్యవే, కేసు పెడతారు" అని. నిజమే, 1940 నాటి చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఈక దగ్గరుంచుకున్నా నేరమే.

అంత చట్టం ఉండీ 1963 నాటికి అలాస్కా కాక మిగిలిన దేశంలో 417 జంటలే మిగిలాయి. చేపల ద్వారా ఒంట్లోకి చేరిన డీడీటీ అనే పురుగుమందు వల్ల గుడ్డు పెంకు పలచనై, పొదిగితే చిట్లిపోయేది. 1972లో డీడీటీని నిషేధించాకే కోలుకున్నాయి. ఇప్పుడు సీసం వంతు. వేటగాళ్లు వదిలేసిన జింక పేగుల్లో సీసం తూటా ముక్కలుంటాయి, గద్దలు అవి తిని చస్తాయి. వన్యప్రాణి శాఖ భూముల్లో ఆ తూటాలు మానాలని 2017 జనవరిలో ఉత్తర్వు ఇచ్చారు. మార్చిలో కొత్త మంత్రి ప్రమాణం చేసిన మర్నాడే దాన్ని రద్దు చేశారు. మీ వార్తలో ఇందులో ఒక్క ముక్క లేదు. బైడెన్ ఏ పెన్నుతో సంతకం పెట్టారో మాత్రం ఉంది.

మనమేం తక్కువ తినలేదు. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్టను దసరా నాడు రెక్కలు కట్టి పంజరంలో పెట్టి, దర్శనానికి డబ్బులు తీసుకుంటారు. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను ఎంచుకుంది, అది ఇంకా సంతల్లో జోస్యం కార్డులు తీస్తూనే ఉంది. అటవీ అధికారులకు ఈ రెండూ కనిపించవు. బహుశా వాళ్లూ జోస్యం చెప్పించుకుంటున్నారేమో.

దయచేసి సవరణ వేయండి. ఎప్పటిలా టెండరు ప్రకటనల కింద, భూతద్దం పెట్టినా దొరకని చోట వద్దు.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఖమ్మం