కలెక్టర్ గారూ, మా పెదతాత ఉత్తరాల్లో ఒక నంబరుంది

శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

మాది నరసన్నపేట దగ్గర ఒక పల్లె సార్. మా తాత అన్నయ్య రెండో ప్రపంచయుద్ధంలో పయనీర్ కంపెనీలో, అంటే సైన్యానికి రోడ్లు వేసే, బరువులు మోసే దళంలో పనిచేశారు, 1946లో ఇంటికొచ్చేశారు, మళ్ళీ పొలం దున్నుకున్నారు, యుద్ధం గురించి ఇంట్లో ఎవరికీ ఒక్క ముక్క చెప్పకుండానే పోయారు. పింఛను లేదు, కాగితం లేదు. మిగిలినవి రేకుపెట్టెలో పదకొండు ఉత్తరాలు, అందులో రెండు చెదలు తినేశాయి.

వాటిలో ఎక్కడా ఊరి పేరుండదు, రాయనిచ్చేవాళ్ళు కాదు కదా. ఉభయకుశలోపరి అని మొదలెట్టి గేదె ఈనిందా, చెరువు నిండిందా, మనియార్డరు అందిందా, గుంటని బడికి పంపుతున్నారా, అన్నీ ఇవే. ఒక ఉత్తరంలో మాత్రం "ఇక్కడి కొండలు మన మహేంద్రగిరి లాగుంటాయి గానీ" అని ఉంది, ఆ తర్వాత కాగితమే లేదు, ఉత్తరాలు తనిఖీ చేసే సెన్సార్ వాళ్ళు బ్లేడుతో కోసేశారు, వేలు పట్టేంత కంత. బడికి పంపుతున్నారా అని అడిగిన ఆ గుంట, అంటే ఆ ఆడపిల్ల, మా మామ్మే, పెదతాతకీ మా తాతకీ చెల్లెలు. తొంభై దగ్గరపడింది, ఇప్పటికీ ఆ కంతలో వేలు పెట్టి "ఈ కాడ మా అన్న ఏటి రాసినాడో" అంటది.

కవరు మీద గుండ్రటి ముద్రలో ఫీల్డ్ పోస్టాఫీసు, అంటే సైన్యం వెంట ఉండే పోస్టాఫీసు నంబరు, 1944 ఏప్రిల్ తేదీ కనిపిస్తున్నాయి. ఏ నంబరు ఏ తేదీకి ఎక్కడుందో పాత స్టాంపులు, కవర్లు సేకరించేవాళ్ళ దగ్గర జాబితాలుంటాయి, అలా చూస్తే తేలింది ఆయన మణిపూర్‌లో ఇంఫాల్ వైపున్నారని, సరిగ్గా జపాన్ వాళ్ళు ముట్టడించిన రోజుల్లో. అప్పుడు గేదె ఈనిందా అని అడిగారు సార్ ఆయన, అది చదివి నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు.

చనిపోయినవాళ్ళ పేర్లు వెతకొచ్చు. యుద్ధంలో పోయినవాళ్ళ సమాధులు చూసుకునే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వాళ్ళ జాబితాలో చాలా పేర్ల పక్కన తండ్రి పేరు, ఊరు కూడా ఉంటాయి, బర్మాలో రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో సమాధి లేనివాళ్ళవి దాదాపు 27,000 పేర్లు రాతి మీద చెక్కారు. బతికి తిరిగొచ్చినవాళ్ళ పేర్లు మాత్రం ఏ రాతి మీదా ఉండవు, రెజిమెంటు రికార్డు ఆఫీసుల్లోనే ఉండాలి, పయనీర్లవైతే బెంగళూరులో. మన దేశం నుంచి పాతిక లక్షల మంది వెళ్తే ఎక్కువమంది తిరిగొచ్చినవాళ్ళే కదా.

నేనొక ఆఫీసుకి వెళ్తే శ్రీకాకుళం జిల్లా అని వెతికి ఏమీ లేదన్నారు. ఎలా ఉంటుంది సార్, శ్రీకాకుళం జిల్లా ఏర్పడిందే 1950 ఆగస్టు 15న! ఆయన చేరినప్పుడు ఇదంతా విశాఖపట్నం జిల్లా, కాగితాల్లో వైజాగపటం (Vizagapatam), మన టౌను చికాకోల్ (Chicacole). ఈ రెండు స్పెల్లింగులు తెలియక ఎన్ని ఇళ్ళవాళ్ళు ఉత్త చేతులతో వెనక్కొచ్చేసి ఉంటారో.

మాజీ సైనికుల బాగోగులు చూసే జిల్లా సైనిక్ బోర్డుకి మీరు అధ్యక్షులు కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నాను. ఒక్కరోజు పెట్టండి. ఇళ్ళల్లో ఉన్న ఉత్తరాలు, మెడల్స్ తెమ్మనండి, మన సిపాయిల మెడల్స్ అంచు మీద నంబరు, పేరు చెక్కి ఉంటాయి, చాలామందికి ఆ సంగతే తెలీదు. ఫోటోలు తీసి, నంబరు, కంపెనీ రాసుకుని, పాత జిల్లా పేరుతో మీ తరఫున రికార్డు ఆఫీసులకి ఉత్తరం రాయించండి, మాబోటి వాళ్ళం రాస్తే జవాబు రావట్లేదు. ఒరిజినల్స్ మాత్రం ఎవరి దగ్గరా ఉంచుకోవద్దు సార్, వెంటనే ఇచ్చేయమనండి, అవి పోతే మా దగ్గర ఇంకేమీ ఉండదు.

వానలు పడకముందే పెడితే మంచిది, పెట్టె ఇంకా చెమ్మ పడుతోంది. మామ్మ కూడా వస్తానంటోంది, మెట్లెక్కలేదు, కింది గదిలో పెట్టించండి.

ఇట్లు,
నరసన్నపేట మండలం నుంచి ఒక మనవడు