ఇంకో ముద్ద

చిరంజీవి చిట్టితల్లికి అమ్మ ఆశీస్సులు.

బరువు తగ్గే ఆపరేషను చేయించుకున్నా పదిహేను రోజులుగా కాటా కదలడం లేదని నిన్న ఫోనులో చెబుతూ నీ గొంతు పూడుకుపోయినప్పుడు నాకు సరైన మాట తోచలేదు. అందుకే రాస్తున్నాను.

ఆ ఆపరేషనులో జీర్ణాశయంలో దాదాపు 80 శాతం తీసేసి సన్నని గొట్టంలా మిగిల్చారనీ, ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను ఎక్కువగా తయారయ్యే భాగం దానితోపాటే పోయిందనీ డాక్టరుగారు బొమ్మ గీసి చూపించినప్పుడు నీ పక్కనే ఉన్నాను. అన్నీ విని కూడా, దసరాకు వచ్చిన నువ్వు నాలుగు ముద్దలకే చాలంటే, ముద్దపప్పూ ఆవకాయా కలిపి ఇంకో ముద్ద నీ చేతిలో పెట్టాను. నా మొహం చూసి కాదనలేక మింగావు. అయిదు నిమిషాలకే పెరట్లో గోడ పట్టుకుని వాంతి చేసుకున్నావు. ఆ తప్పు నాదే తల్లీ.

ఈ ఆపరేషను తరవాత బరువు రోజూ ఒకే తీరున తగ్గదు. కొన్ని వారాలు నిలిచిపోయి మళ్ళీ తగ్గడం చాలామందిలో జరిగేదే. నాలుగు నెలల కిందట సబ్బు రాస్తే గానీ ఎక్కని గాజులు ఇప్పుడు నీ మోచేతి దాకా జారుతున్నాయి. కాటా కదలలేదన్న దిగులుతో పూట మానేయకు. ముందు గుడ్డో, చేపో, పెసరపప్పో, పెరుగో తిను. మాంసకృత్తులు రోజుకు 60 గ్రాములకు తగ్గకూడదని ఆహార చీటీలో రాసి ఉంది కదా. అన్నం ఆ తరవాతే, అదీ బాగా నమిలి. తింటూ నీళ్ళు తాగే నీ చిన్ననాటి అలవాటు మాత్రం మానుకో, అరగంట ఆగి గుక్కగుక్కగా తాగు.

దువ్వెన నిండా జుట్టు వస్తోందన్నావు. మూడో నెల నుంచి అలా రాలడం, కొన్ని నెలలకు తిరిగి మొలవడం మామూలే అయినా, ఐరన్, బీ12 పరీక్షలు చేయించుకో. విటమిన్ మాత్రలు జీవితాంతం వేసుకోవలసినవే, బాగున్నానని ఆపకు.

సంక్రాంతికి చుట్టాలందరూ వస్తారు. చిక్కిపోయావంటూ అరిసెలు తినమని ఎవరైనా బలవంతపెడితే వాళ్ళకు నేనే చెబుతాను. నీ అన్నప్రాశననాటి వెండిగిన్నె తోమి పెట్టాను. అందులో ఎంత కావాలో నువ్వే వడ్డించుకో. నేను ఎదురుగా కూర్చుని నా భోజనం నేను చేస్తాను.

ఇట్లు,
మీ అమ్మ