చెంచా పోతే తెరిచేది ఎవరి పెట్టె?

సంపాదకులకు,

గత ఆదివారం మీ అనుబంధంలో విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండ్ పల్లె బంగళాల మీద వచ్చిన వ్యాసం చదివాను. తోటలు, విందులు, వెండి సామాను కళ్లకు కట్టాయి. ఆ వెండిని తోమిన పనిపిల్లలు విశ్వాసంగా ఉండేవారని ఒక్క వాక్యంతో సరిపెట్టారు.

చెంచా కనిపించని రోజున ఆ విశ్వాసం ఏమయ్యేదో కూడా రాయవలసింది. ముందు పనిపిల్ల పెట్టె తెరిపించేవారు. చిన్న వయసులోనే పనికి కుదిరిన పిల్లకు ఉన్న ఆస్తి అంతా ఆ పెట్టే. అందులో కొవ్వొత్తి ముక్కలు దొరికినా అనుమానమే. కాలగా మిగిలిన ముక్కలు, మాంసం వేపగా కారిన కొవ్వు పనివాళ్లు తీసుకోవడం చాలా ఇళ్లలో మామూలే. కానీ ఆ మామూలు ఎక్కడ దొంగతనమవుతుందో తేల్చేది అమ్మగారు.

1861 చట్టం ప్రకారం సాదా దొంగతనానికి 3 ఏళ్ల కఠిన శిక్ష. పనిమనిషి యజమాని సొత్తు తీస్తే 14 ఏళ్ల దాకా. చెంచాకు అంత వేసేవారు కాదనుకోండి. అసలు ఉచ్చు వేరే ఉంది. ఊళ్లో మేజిస్ట్రేటు అంటే భూస్వామో, చర్చి పాదిరియో; అదే బంగళాలో భోంచేసి వెళ్లినవాళ్లూ కావచ్చు. 1855 చట్టం ప్రకారం నేరం ఒప్పుకుంటే 6 నెలలకు మించకుండా అక్కడే తేల్చేస్తారు. ఒప్పుకోకపోతే మూడు నెలలకోసారి కూర్చునే సెషన్స్ కోర్టు దాకా, జామీను దొరకనివారికి జైలే. ప్రమాణం చేసి తన మాట చెప్పుకునే హక్కు ముద్దాయికి 1898లో గానీ రాలేదు. నిర్దోషిగా బయటపడినా, మంచి నడవడి అని అమ్మగారు ఉత్తరం ఇవ్వకపోతే ఇంకో ఇంట్లో పని దొరకదు. ఇచ్చి తీరాలని చట్టమూ లేదు.

ఇప్పుడెందుకీ గొడవ అంటారా? పనివాళ్ల దొంగతనానికి 7 ఏళ్లంటూ 1860లో మన శిక్షాస్మృతిలో 381వ సెక్షన్ రాశారు. ఇంగ్లండ్ 1968లో ఆ తేడా తీసేసింది. మనం వలస చట్టాలు వదిలించుకున్నామని చెప్పుకుంటూ 2023లో భారతీయ న్యాయ సంహితలో దాన్నే 306వ సెక్షన్‌గా తిరగరాసుకున్నాం. ఇంట్లో ఎవరు దొంగిలించినా 7 ఏళ్లని పక్కనే ఇంకో సెక్షన్ ఉండగా, పనివాళ్ల కోసం విడిగా ఒకటి దేనికి?

మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర రోజూ పనివాళ్ల సంచులు తెరిపిస్తారు. మొన్న ఒకామె సంచిలో స్టీలు డబ్బా, అందులో పులిహోర. వాచ్‌మన్ మూడో అంతస్తుకు ఫోన్ చేసి, వాళ్లే ఇచ్చారని తెలుసుకున్నాకే గేటు తీశాడు.

– ఒక విశ్రాంత న్యాయవాది, కాకినాడ