అందరు ప్రధాన కార్యదర్శులూ ఒకటి కాదు

సంపాదకులకు నమస్కారం.

పార్టీ ఏదైనా వార్తల్లో ‘ప్రధాన కార్యదర్శి’ అని ఒకే తూకంలో రాస్తున్నారు. కమ్యూనిస్టు పార్టీల్లో అది అత్యున్నత పదవి. 1964లో సీపీఎం తొలి ప్రధాన కార్యదర్శి పుచ్చలపల్లి సుందరయ్య. అదే ఏడాది సీపీఐలో ఆ బాధ్యత చేపట్టిన చండ్ర రాజేశ్వరరావు 1990 వరకు కొనసాగారు. సీపీఎంలో 2012 నుంచి మూడు దఫాల పరిమితి ఉంది. నాలుగోసారి కావాలంటే కేంద్ర కమిటీలో నాలుగింట మూడొంతుల మద్దతుండాలి. కాంగ్రెస్‌, బీజేపీల్లో అధ్యక్షుడే పెద్ద, ప్రధాన కార్యదర్శులు పలువురు. బీజేపీలో ‘సంస్థాగత’ అన్న మాట చేరితే మాత్రం లెక్క మారుతుంది. ఆ పదవికి సాధారణంగా ఆరెస్సెస్‌ నుంచే వస్తారు.

కాలనీ సంఘాలు, కుల సంఘాల్లో ఇది హోదా కన్నా చాకిరీ. ఎజెండాతో నోటీసు పంపాలి, అందినట్టు సంతకం తీసుకోవాలి, కోరం (కనీస హాజరు) ఉందో చూడాలి, తీర్మానాన్ని ప్రతిపాదించిందెవరో బలపరిచిందెవరో మినిట్స్‌ పుస్తకంలో ఎక్కించాలి. చాలాచోట్ల ముందు ఖాళీ పేజీల్లో సంతకాలు పెట్టించి, తీర్మానాలు తర్వాత తీరిగ్గా రాస్తారు. చీలిక వచ్చిన రోజున ఆ పుస్తకాన్ని ఎవరూ నమ్మరు. కొత్త కమిటీ జాబితా ఏటా రిజిస్ట్రార్‌కు దాఖలు చేయకపోవడం మరో తప్పు. అప్పుడు బ్యాంకు ఖాతాలో సంతకాల మార్పు దగ్గరే పని ఆగుతుంది, పాత కార్యదర్శి చెక్కుబుక్కు వదలడు.

పదవి పేరుతో పాటు ఆ పార్టీలో దాని స్థానం కూడా ఒక్క ముక్కలో రాయగలరు.

– ఒక పాఠకుడు, విజయవాడ