దేవగన్నేరు ఎండిపోలేదు, పీకకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

2014లో హుద్‌హుద్ తుఫాను దెబ్బకి చెట్లన్నీ పోయాక, విశాఖలో పచ్చదనం తొందరగా రావాలని రోడ్ల పక్కన ఏడాకులపాల మొక్కలు తెగ నాటేశారు, గబగబా పెరుగుతాయి, పశువులు తినవు, అంతవరకు బానే ఉంది, కానీ అక్టోబర్, నవంబర్ వచ్చిందంటే సాయంత్రం ఆ పూల ఘాటుకి తలనొప్పి, ఆయాసం అని జనం గోల. వాటిని నరకమని నేను అనట్లేదు. కొత్తగా నాటేవైనా, ముఖ్యంగా పార్కుల్లో, బీచ్ వైపు, దేవగన్నేరు పెట్టండి. ఇదీ అదే కుటుంబం మొక్కే, పాలు కారుతుంది కాబట్టి మేకలు ముట్టవు, ఉప్పుగాలికి బానే తట్టుకుంటుంది, వాసన మాత్రం హాయిగా ఉంటుంది, చీకటి పడ్డాక ఇంకా బాగా వస్తుంది.

మీ పార్కులో ఆల్రెడీ ఉన్నాయిగా అంటారేమో, ఉండేవండీ. ఎర్రపూల రకం చలికాలంలో ఆకంతా రాల్చేసి మోడులా నిలబడుతుంది, దాని తీరే అంత, ఎండలు మొదలయ్యాక మళ్లీ చిగురేసి పూస్తుంది. మెయింటెనెన్స్ వాళ్లు జనవరిలో చూసి చచ్చిపోయాయనుకుని పీకి పారేశారు, మిగిలినవాటికేమో పాపం ఎండిపోతున్నాయని రోజూ ట్యాంకర్ నీళ్లు పోస్తే మొదళ్లు కుళ్లి అవీ పోయాయి! మెక్సికో, కరీబియన్ వైపు నుంచి వచ్చిన చెట్టు, ఎండని ఓర్చుకుంటుంది గానీ నీళ్లు నిలిస్తే బతకదు.

పెద్ద మొక్కలు కొని కడియం నర్సరీల నుంచి లారీల్లో తెప్పించక్కర్లేదు కూడా. ఫిబ్రవరి, మార్చిలో ఏ పాత గుడి ఆవరణలోనో అడిగి అడుగున్నర కొమ్మలు తెచ్చుకుని, పాలు ఆరి కోసినచోట గట్టిపడేదాకా నీడలో ఓ పది రోజులు పడేసి (పచ్చిగా నాటితే కుళ్లుతుంది, చాలామంది ఇక్కడే తొందరపడతారు) ఇసుక కలిపిన మట్టిలో గుచ్చితే చాలు.

పిల్లల ఉయ్యాలల పక్కన మాత్రం వద్దు, ఆ పాలు తగిలితే కొందరికి దురద, కంట్లో పడితే మంట. కొమ్మలు కూడా పెళుసు, అందుకని రోడ్డు అంచున పెట్టకపోవడమే మంచిది. వానాకాలంలో ఆకు వెనక నారింజ రంగు పొడి కనిపిస్తే అది తుప్పు తెగులు, రాలిన ఆకులు ఎప్పటికప్పుడు ఊడ్చేయాలి.

ఈసారి పార్కుల కాంట్రాక్ట్ ఇచ్చేటప్పుడు అధికారులు ఒక్క లైను కలిపితే బాగుంటుంది: ఆకు రాలిన దేవగన్నేరుని ఎండాకాలం అయ్యేదాకా పీకకూడదు, అనుమానముంటే బెరడు గోటితో గీకి చూడాలి, లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టే.

— ఒక పాఠకురాలు, విశాఖపట్నం